నొప్పి పోయింది, అయినా రూట్ కెనాల్ చేయించాలంటున్నారు. ఎందుకు?

గోదారి గట్టు, రాజమండ్రి

నమస్కారం అండీ. అమ్మ విషయంలో సలహా కావాలి. అమ్మకి 61 ఏళ్ళు. షుగర్ ఉంది, మాత్రలతో కంట్రోల్‌లోనే ఉంటోంది. కింద కుడివైపు దవడ పన్ను పుచ్చిపోయి, సంక్రాంతి ముందు విపరీతంగా పోటు పెట్టింది. వేడి టీ తాగితే చెవి దాకా లాగేది. పడుకుంటే ఇంకా ఎక్కువయ్యేది. మందుల షాపులో ఇచ్చిన యాంటీబయాటిక్, పెయిన్ కిల్లర్ వేసుకుంది. నొప్పి పూర్తిగా పోయింది, ఇప్పుడు మామూలుగా తింటోంది. నిన్న పళ్ళు క్లీనింగ్‌కి తీసుకెళ్తే డాక్టర్ ఎక్స్‌రే తీసి, ఆ పన్నుకి రూట్ కెనాల్ చేసి పైన క్యాప్ (తొడుగు) వేయాలన్నారు. నొప్పే లేనప్పుడు ఎందుకని అమ్మ ఒప్పుకోవట్లేదు. డబ్బుల కోసం చెప్తున్నారని నాన్న అనుమానం. పెద్దమ్మ పీకించేయమంటోంది. పన్ను పీకితే చూపు పోతుందని మేనత్త. ఇంట్లో ఒకటే టెన్షన్. తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

కృష్ణలంక, విజయవాడ

నొప్పి లేకపోతే కదిలించకండి. మా నాయనమ్మ పన్ను నొప్పికి దూది లవంగ నూనెలో ముంచి పెట్టుకునేది, ఎనభై దాటినా తన పళ్ళతోనే నమిలేది. ఈ రోజుల్లో దేనికెళ్ళినా రూట్ కెనాలే చెప్తున్నారు. ఇంకో డాక్టర్‌కి కూడా చూపించి అడగండి, తొందరపడకండి.

ఖమ్మం పళ్ళ డాక్టర్

ఇంకో డాక్టర్‌ని అడగమన్న మాట మంచిదే. కానీ నొప్పి లేకపోతే కదిలించకూడదు అన్నది ఈ అమ్మ గారి విషయంలో ప్రమాదం. రూట్ కెనాల్ అంటే పంటి లోపల పాడైన గుజ్జుని తీసి, అది ఉన్న కాలువల్ని శుభ్రం చేసి మూసేయడం. నేను రోజూ చేసే పని ఇదే కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

పన్ను పైన కనిపించే తెల్లటి పొర ఎనామిల్. మన ఒంట్లో దానికంటే గట్టిది ఇంకోటి లేదు. దాని కింద లేత పసుపు రంగులో డెంటిన్. ఆ లోపల నడిమధ్య మెత్తటి గుజ్జు ఉంటుంది, పల్ప్ అంటాం. రక్తనాళాలు, నరాలు ఉండేది అందులోనే. ఆ గుజ్జు సన్నటి కాలువల్లోంచి వేరు చివరి దాకా దిగి, అక్కడున్న చిన్న రంధ్రం గుండా దవడలోని రక్తనాళాలతో, నరాలతో కలుస్తుంది. ముందు పళ్ళకి సాధారణంగా ఒకటే కాలువ. కింది పెద్ద దవడ పన్నుకి ఎక్కువగా మూడు, కొందరికి నాలుగు. పైన మొదటి పెద్ద దవడ పన్నుకి చాలామందిలో నాలుగో కాలువ ఉంటుంది. దాన్ని వెతికి పట్టుకోవడమే ఒక పని.

పుచ్చు ఎనామిల్‌లో ఉన్నంతవరకు ఏమీ తెలియదు. డెంటిన్‌లోకి దిగితే చల్లటి నీళ్ళకి, తీపికి జివ్వుమంటుంది. తాగడం ఆపగానే అది కూడా ఆగిపోతే గుజ్జు ఇంకా కోలుకునే స్థితిలోనే ఉన్నట్టు. శుభ్రం చేసి ఫిల్లింగ్ పెడితే సరిపోతుంది. బ్యాక్టీరియా గుజ్జును చేరిందంటే మాత్రం కథ మారిపోతుంది. ఒంట్లో మరోచోట వాపు వస్తే చర్మం సాగి చోటిస్తుంది. పంటి లోపల అన్ని వైపులా గట్టి గోడలే. వాచిన గుజ్జుకి సాగే చోటు లేక ఒత్తిడి పెరుగుతుంది, నరం నలిగిపోతుంది. వేడి తగిలితే మొదలైన నొప్పి ఎంతసేపటికీ వదలకపోవడం, ఏమీ తినకుండానే పోటు రావడం, పడుకుంటే తలవైపు రక్తం ఎక్కువ చేరి నొప్పి పెరగడం, ఇవన్నీ గుజ్జు ఇక కోలుకోదని చెప్పే గుర్తులు. మీరు రాసినవి సరిగ్గా ఇవే.

ఆ తర్వాత గుజ్జు చచ్చిపోతుంది. నరమే చచ్చాక నొప్పి తెలియదు, అందుకే ఒక్కసారిగా హాయిగా అనిపిస్తుంది. చచ్చిన గుజ్జులో బ్యాక్టీరియా మాత్రం పెరుగుతూనే ఉంటుంది. వేరు చివరి నుంచి బయటికి వచ్చి చుట్టూ ఉన్న ఎముక కరిగేలా చేస్తుంది. ఎముక కరిగిన చోటు ఎక్స్‌రేలో నల్లగా కనిపిస్తుంది. అమ్మ గారి ఎక్స్‌రేలో అలాంటిది ఉందా?

గోదారి గట్టు, రాజమండ్రి

ఇప్పుడే ఫోన్‌లో చూశాను డాక్టర్ గారూ. వెనక వేరు కింద గుండ్రంగా నల్లగా ఉంది. అక్కడ వేలు పెట్టి చూపించారు కానీ మాకు అర్థం కాలేదు. మరి అది ఇన్ఫెక్షనే అయితే, ఇంకో కోర్సు యాంటీబయాటిక్ వేస్తే పోదా?

ఖమ్మం పళ్ళ డాక్టర్

పోదండీ. మింగిన మందు రక్తంలో కలిసి వెళ్ళాలి. చచ్చిన గుజ్జుకి రక్తమే వెళ్ళదు. ఇంటికొచ్చే పైపు కట్టేస్తే వీధి ట్యాంకు ఎంత నిండినా మన కుళాయిలో చుక్క రాదు కదా, ఇదీ అంతే. వేరు బయట చేరిన ఇన్ఫెక్షన్‌ని మందు కొంత అణుస్తుంది కాబట్టి వాపు తగ్గుతుంది. మూలం పంటి లోపలే కూర్చుని ఉంటుంది, మళ్ళీ తిరగబెడుతుంది.

చెంప వాచి, జ్వరం వచ్చి, ఇన్ఫెక్షన్ పాకుతున్నప్పుడు యాంటీబయాటిక్ తప్పకుండా ఇస్తాం. అదీ పంటికి చేయాల్సింది చేస్తూనే. ఉత్త పంటి పోటుకి మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ కొనుక్కోవడం, నొప్పి తగ్గగానే మధ్యలో ఆపేయడం వల్ల బ్యాక్టీరియా ఆ మందుకి లొంగకుండా తయారవుతుంది. రేపు నిజంగా అవసరమైన రోజున ఆ మందు పనిచేయదు. ఈ విషయంలో నాకు చాలా బాధగా ఉంటుంది. దయచేసి ఎవరూ అలా వాడకండి.

లవంగ నూనె గురించి: అందులోని యూజెనాల్ నిజంగానే నొప్పిని కాసేపు మొద్దుబారుస్తుంది. మేం వాడే కొన్ని తాత్కాలిక ఫిల్లింగుల్లోనూ అదే ఉంటుంది. రాత్రి గడవడానికి దూదితో ఒక చుక్క పెట్టుకోవచ్చు. పుచ్చుని అది ఆపలేదు. కొందరు నొప్పి మాత్ర నలిపి చిగురు మీద పెడతారు, పొగాకు కూరతారు. చిగురు కాలిపోతుంది, అస్సలు చేయకండి.

నల్లగొండ మాస్టారు

డాక్టర్ గారు చెప్పింది అక్షరాలా నిజం. మా పక్కింటాయనకి ఇలాగే పోటు పోయి, కొన్నాళ్ళకి చిగురు మీద చిన్న పొక్కు లేచింది. నొక్కితే చీము వచ్చి తగ్గేది, మళ్ళీ నిండేది. ఒంట్లో వేడి చేసిందనుకుని వదిలేశాడు. చివరికి దవడ కింద మెడ దాకా వాచింది. నోరు తెరవలేక, ఉమ్మి కూడా మింగలేక ఆస్పత్రిలో చేరాడు. పెద్ద గండం నుంచే బయటపడ్డాడు.

నావి రెండు ప్రశ్నలు. ఫ్లోరైడ్ నీళ్ళ వల్ల మా జిల్లాలో చాలామంది పళ్ళ మీద గోధుమ రంగు మచ్చలుంటాయి. అవి పుచ్చు పళ్ళేమోనని ఆడపిల్లలు మరీ దిగులు పడుతుంటారు. వాటికి కూడా రూట్ కెనాల్ కావాలా? రెండోది, సంతల్లో చెవిలో, పంటి మీద ఏదో పసరు పోసి పంటి పురుగు తీసి చూపించేవాళ్ళు ఇంకా ఉన్నారు. చదువుకున్నవాళ్ళు కూడా నమ్ముతున్నారు. దీని మీద కాస్త గట్టిగా రాయండి.

ఖమ్మం పళ్ళ డాక్టర్

మాస్టారూ, ముందు మీ పక్కింటాయన సంగతి. దవడ కింద, నాలుక కింద వాపు వచ్చి, మింగడం కష్టమైతే అది క్లినిక్ పని కాదు. ఊపిరి దారి మూసుకుపోవచ్చు. అర్ధరాత్రైనా సరే పెద్దాస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్ళిపోవాలి.

ఫ్లోరోసిస్ మచ్చలు పుచ్చు కాదు. చిన్నప్పుడు ఎనామిల్ తయారయ్యే వయసులో తాగిన నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై అలా ఏర్పడతాయి. ఆ మచ్చలకి రూట్ కెనాల్ అక్కర్లేదు. రంగు బాధిస్తే పైపైన చేసే చికిత్సలున్నాయి. పన్ను గుంటలు పడి పెచ్చులు ఊడుతుంటే మాత్రం చూపించి కాపాడుకోవాలి.

పంటి పురుగు అనేది లేదు. పన్నుని పుచ్చబెట్టేది కంటికి కనపడని బ్యాక్టీరియా. వాటిలో ముఖ్యమైనది స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్. మనం తిన్న చక్కెర, పిండిపదార్థాలు వాటికి మేత. అవి వదిలే ఆమ్లం ఎనామిల్‌ని కరిగిస్తుంది. సంతలో చూపించే పురుగు వాళ్ళు ముందే దగ్గర పెట్టుకున్నదే. వాళ్ళ పసర్లతో చెవులు, చిగుళ్ళు పాడైపోతాయి.

చూపు గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. చూపు తెచ్చే నరం వేరు, పళ్ళకి వెళ్ళే నరం వేరు. పన్ను పీకినా, రూట్ కెనాల్ చేసినా చూపుకి ఏమీ కాదు. పై దవడ పన్ను పోటు కంటి చుట్టూ లాగినట్టు అనిపిస్తుంది, ఎందుకంటే ముఖానికంతటికీ స్పర్శ తెచ్చేది ఒకే నరం కొమ్మలు. ఆ లాగుడు వల్లే ఈ నమ్మకం పుట్టి ఉంటుందని నా ఊహ.

మియాపూర్ అమ్మాయి

భయం వల్ల వాయిదా వేసేవాళ్ళ కోసం రాస్తున్నాను. నాకు పోయిన ఏడాది కింది దవడ పన్నుకి చేశారు. ముందు చిగురు మీద జెల్ రాసి ఇంజెక్షన్ ఇచ్చారు. చిన్న చురుకు, అంతే. కాసేపటికి ఆ వైపు పెదవి, నాలుక మొద్దుబారాయి. తర్వాత పన్ను చుట్టూ రబ్బరు షీటు బిగించారు. రబ్బర్ డ్యామ్ అంటారట. మన ఉమ్మి పంటిలోకి పోకుండా, వాళ్ళ మందులు, పనిముట్లు మన గొంతులోకి జారకుండా అది అడ్డు. పైన డ్రిల్ చేసి రంధ్రం పెట్టి, ఫైల్ అనే సన్నటి సూదుల్లాంటి వాటితో లోపల శుభ్రం చేశారు. కాలువ పొడవు కొలిచే చిన్న మెషీన్ బీప్ బీప్ అంటుంటుంది. మధ్యమధ్యలో బ్లీచింగ్ వాసన వస్తుంది. నాకు నొప్పి తెలియలేదు, నోరు అంతసేపు తెరిచి ఉంచడం వల్ల దవడ మాత్రం పీకింది. ఆ తర్వాత రెండు మూడు రోజులు నమిలితే నొప్పిగా ఉండేది, డాక్టర్ రాసిచ్చిన మాత్రతో సరిపోయింది. అంతకు ముందు రాత్రుళ్ళు పడ్డ బాధ ముందు ఇది ఏమీ కాదు.

సిరిపురం, వైజాగ్

మీకు అదృష్టం. మా అక్కకి ఇంజెక్షన్ ఇచ్చినా మత్తు సరిగ్గా ఎక్కక ఏడ్చేసింది. అది డాక్టర్ తప్పా?

ఎండో పీజీ, విజయవాడ

డెంటల్ కాలేజీలో రూట్ కెనాల్ చికిత్సల విభాగంలోనే ఎండీఎస్ (పళ్ళ వైద్యంలో పీజీ) చదువుతున్నాను. ఇది తప్పు అని అనలేం అండీ. బాగా వాచి, మండిపోతున్న గుజ్జు చుట్టూ కణజాలం ఆమ్లంగా మారుతుంది. అలాంటి చోట మత్తుమందు సరిగ్గా పనిచేయదు. పైగా నరం అప్పటికే రెచ్చిపోయి ఉంటుంది. కింది దవడ ఎముక మందంగా ఉంటుంది కాబట్టి మందు లోపలికి ఇంకదు. నరం మొదలు దగ్గర ఇవ్వాలి. అప్పటికీ చాలకపోతే పన్ను పక్కన, ఇంకా కావాలంటే నేరుగా గుజ్జులోకే ఇస్తాం. కాబట్టి నొప్పి ఓర్చుకోకండి. చెయ్యి పైకెత్తండి, ఆపి మళ్ళీ మత్తు ఇస్తారు. పోటు ముదిరేదాకా ఆగకుండా వస్తే మత్తు తేలిగ్గా ఎక్కుతుంది.

ఇందాక రాసిన బ్లీచింగ్ వాసన సోడియం హైపోక్లోరైట్‌ది. అది బ్యాక్టీరియాని చంపి, చచ్చిన కణజాలాన్ని కరిగిస్తుంది. కాలువలకి సన్నటి పక్క కొమ్మలుంటాయి, ఫైల్ అక్కడికి వెళ్ళలేదు. ఈ ద్రావణం వెళ్తుంది. నా దృష్టిలో చికిత్సకి ప్రాణం ఆ కడగడమే. శుభ్రమయ్యాక గట్టా పెర్చా అనే పదార్థంతో కాలువలు చివరి దాకా మూసేస్తారు. అది ఆగ్నేయాసియాలో పెరిగే ఒక చెట్టు పాల నుంచి వస్తుంది. వందేళ్ళకు పైగా పళ్ళలో వాడుతున్నారు.

ఒక్క సిట్టింగ్‌లో చేస్తే మంచిదా, రెండు మూడు సార్లు చేస్తే మంచిదా అని చాలామంది అడుగుతారు. ఫలితంలో పెద్ద తేడా ఉండదు. ఒకేసారి ముగించడమే మేలని నా అభిప్రాయం.

ఖమ్మం పళ్ళ డాక్టర్

పీజీ గారితో చాలావరకు ఏకీభవిస్తాను. చివరి మాట దగ్గర మాత్రం ఆగుతాను. కాలువలోంచి చీము కారుతూనే ఉంటే, చెంప వాచి ఉంటే నేను ఆ రోజు మూయను. లోపల కాల్షియం హైడ్రాక్సైడ్ అనే మందు పెట్టి, తాత్కాలికంగా మూసి, కొన్ని రోజులాగి చూస్తాను.

కొత్తపేట, గుంటూరు

క్యాప్ గురించి ఎవరూ రాయలేదు. మా బావకి ఒక క్లినిక్‌లో రూట్ కెనాల్ చేసి పైన తాత్కాలిక ఫిల్లింగ్ పెట్టి పంపారు. ఆపైన క్యాప్ వేయాలని ఎవరూ చెప్పలేదు. నొప్పి లేదు కదా అని ఆయన తిరిగాడు. వేరుశనగ ఉండ కొరికితే పన్ను నిలువునా చీలిపోయింది. పీకక తప్పలేదు. చేసిన ఖర్చంతా వృథా. చికిత్స మొదలుపెట్టేటప్పుడే ఇది చెప్పడం వాళ్ళ బాధ్యత కాదా?

ఖమ్మం పళ్ళ డాక్టర్

ముమ్మాటికీ బాధ్యతే. పుచ్చు, దాన్ని తీయడానికి చేసిన రంధ్రం కలిసి పన్నులో గోడలే మిగులుతాయి. దవడ పళ్ళ మీద నమిలే ఒత్తిడి ఎక్కువ. క్యాప్ ఆ గోడల్ని కలిపి పట్టుకుంటుంది. పైగా తాత్కాలిక ఫిల్లింగ్ ఎక్కువ కాలం ఉంచితే అరిగి, పక్క సందుల్లోంచి ఉమ్మి దిగి, శుభ్రం చేసిన కాలువల్లోకి మళ్ళీ బ్యాక్టీరియా చేరుతుంది. ముందు పన్నుకి పెద్దగా దెబ్బ లేకపోతే ఒక్కోసారి మంచి ఫిల్లింగ్‌తో సరిపోతుంది. దవడ పన్నుకి మాత్రం క్యాప్ వేసేదాకా చికిత్స పూర్తి కానట్టే.

అఫ్జల్‌గంజ్ దారిలో

ఖర్చు భయంతో పీకించుకునేవాళ్ళే ఎక్కువ. నాకు క్లినిక్‌లో రూట్ కెనాల్‌కి 4,500, పింగాణీ పూత క్యాప్‌కి 4,000 అయ్యాయి. జిర్కోనియా క్యాప్ అయితే ఇంకా చాలా చెప్పారు. అంత పెట్టలేనివాళ్ళకి హైదరాబాద్‌లో అఫ్జల్‌గంజ్ దగ్గర ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది. ఆంధ్రలో విజయవాడలో, కడపలో ఉన్నాయి. పీజీ విద్యార్థులు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు. తిరగాలి, ఓపిక కావాలి, ఖర్చు మాత్రం బాగా తక్కువ. మా చెల్లికి అక్కడే చేయించాం, పన్ను బ్రహ్మాండంగా ఉంది.

ఎక్కడ చేయించినా ముందు ఎక్స్‌రే, తర్వాత ఎక్స్‌రే రెండూ అడిగి తీసుకోండి. ఏ పన్నుకి, ఎన్ని కాలువలకి చేశారో కాగితం మీద రాయించుకోండి. సిగ్గుపడాల్సిన పని లేదు, అది మన హక్కు.

ఫ్రిస్కో, టెక్సస్

అమెరికాలో ఉన్నవాళ్ళకి ఒక మాట. ఇక్కడ డెంటల్ ఇన్సూరెన్సులు చాలావరకు ఏడాదికి వెయ్యి, రెండు వేల డాలర్ల దగ్గరే ఆగిపోతాయి. దవడ పన్ను రూట్ కెనాల్, క్యాప్ కలిపితే అది దాటిపోతుంది. అందుకే సెలవుల్లో ఇండియా వెళ్ళినప్పుడు చేయించుకుంటాం. అలా అయితే దిగిన వారంలోనే మొదలుపెట్టండి. క్యాప్ ల్యాబ్ నుంచి రావాలి, సరిచూడాలి, తేడా వస్తే మళ్ళీ పంపాలి. విమానం ఎక్కేముందు రోజుకి పెట్టుకోవద్దు. పోటు పెడుతుంటే మాత్రం సెలవుల దాకా ఆగకండి.

తెనాలి నుంచి

వాట్సాప్‌లో ఒక వీడియో తిరుగుతోంది. రూట్ కెనాల్ చేసిన పన్ను వల్ల క్యాన్సర్, గుండెజబ్బు వస్తాయని అందులో చెప్తున్నారు. మా అత్తగారు అది చూసి అపాయింట్‌మెంట్ మానుకున్నారు.

ఖమ్మం పళ్ళ డాక్టర్

ఆ మాటకి వందేళ్ళ చరిత్ర ఉంది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో అమెరికాలో ప్రాక్టీస్ చేసిన వెస్టన్ ప్రైస్ అనే డెంటిస్ట్ ఇలాంటి పళ్ళ నుంచి ఒళ్ళంతా రోగాలు పాకుతాయని ప్రచారం చేశాడు. దాన్ని నమ్మి లక్షణమైన పళ్ళు కూడా పీకించుకున్నారు జనం. తర్వాత వచ్చినవాళ్ళు జాగ్రత్తగా పరిశీలిస్తే ఆయన ప్రయోగాలు నిలబడలేదు. రూట్ కెనాల్ వల్ల క్యాన్సర్ వస్తుందనడానికి ఆధారం లేదు. మీ అత్తగారి ఒంటికి చేటు చేసేది చికిత్స చేయకుండా వదిలేసిన చీము పన్ను. గుండె కవాటం మార్పించుకున్నవాళ్ళు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు మాత్రం ముందే చెప్పాలి. మీ అంతట మీరు మందులు ఆపేయకూడదు.

గోదారి గట్టు, రాజమండ్రి

అందరికీ కృతజ్ఞతలు. నాన్నకి ఎక్స్‌రే పెద్దది చేసి చూపించి చెప్పాను, ఒప్పుకున్నారు. అమ్మకి షుగర్ కదా, ఏం చూసుకోవాలి? పీకించేస్తే పోతుంది కదా అన్న పెద్దమ్మకి ఏం చెప్పాలి?

ఖమ్మం పళ్ళ డాక్టర్

ఉదయం టిఫిన్ తిని, షుగర్ మాత్ర వేసుకుని వెళ్ళమనండి. ఖాళీ కడుపుతో వద్దు. మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష (HbA1c) రిపోర్టు తీసుకెళ్ళండి. షుగర్ ఎక్కువగా ఉంటే వేరు కింద ఎముక మానడం ఆలస్యమవుతుంది. ఆ నల్లటి చోటు పూడటానికి నెలలు పడుతుంది, కాబట్టి ఆరు నెలలకో, ఏడాదికో మళ్ళీ ఎక్స్‌రే తీయించండి.

పీకడం ఎప్పుడు అంటే, వేరు నిలువునా చీలినప్పుడు, చిగుళ్ళ జబ్బుతో పన్ను బాగా కదిలిపోతున్నప్పుడు, క్యాప్ పట్టుకోవడానికి పన్నే మిగలనప్పుడు. పీకి ఖాళీగా వదిలేస్తే పక్క పన్ను ఆ చోటులోకి ఒరుగుతుంది, పై పన్ను కిందికి దిగుతుంది. మళ్ళీ పన్ను కట్టించాలంటే బ్రిడ్జి (పక్క పళ్ళ ఆధారంతో కట్టే పన్ను) కోసం రెండు పక్క పళ్ళు అరగదీయాలి, లేదా ఇంప్లాంట్ (ఎముకలో స్క్రూ బిగించి దాని మీద కట్టే పన్ను) పెట్టాలి. రెండూ దీనికంటే ఖర్చు. రూట్ కెనాల్ కూడా అన్నిసార్లూ నిలుస్తుందని చెప్పను. కాలువ ఒకటి దొరకకపోతే, క్యాప్ కింద లీక్ అయితే తిరగబెడుతుంది. అప్పుడు మళ్ళీ తెరిచి చేయొచ్చు.

బుజ్జిగాడి అమ్మ, అనంతపురం

మా బాబుకి ఏడేళ్ళు. కింద చివరి పన్నుకి పెద్ద గుంట పడింది. పాలపన్నే కదా, ఊడిపోతుంది అంటున్నారు ఇంట్లో. రూట్ కెనాల్ పిల్లలకి చేస్తారా?

ఖమ్మం పళ్ళ డాక్టర్

అమ్మా, వెంటనే చూపించండి. అది పాలపన్ను కాకపోవచ్చు. ఆరేళ్ళ వయసులో పాలపళ్ళన్నిటి వెనక ఒక పెద్ద దవడ పన్ను వస్తుంది. ఏ పన్నూ ఊడకుండానే వస్తుంది కాబట్టి తల్లిదండ్రులు గమనించరు. అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. ఆ వయసులో దాని వేరు చివర ఇంకా మూసుకోదు. గుజ్జు బతికి ఉంటే పాడైన పై భాగం మాత్రమే తీసి, మిగతా దాన్ని కాపాడే చికిత్స ఉంది. వేరు పెరిగి పూర్తవుతుంది. ఆలస్యమైతే ఆ అవకాశం పోతుంది.

ఒకవేళ అది పాలపన్నే అయినా, వెనక పాలపళ్ళు పది పన్నెండేళ్ళ దాకా ఉండాలి. ముందే పోతే పక్క పళ్ళు జరిగి, వచ్చే పన్నుకి చోటు లేక వంకరగా వస్తుంది. పాలపళ్ళకీ గుజ్జు చికిత్స ఉంది. వేరుతో పాటే కరిగిపోయే మందు నింపి, పైన స్టీలు క్యాప్ వేస్తారు. వీలైతే పిల్లల పళ్ళ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. రాత్రి పడుకునే ముందు పాలు, బిస్కెట్ ఇచ్చే అలవాటుంటే వాటి తర్వాత బ్రష్ మీరే చేయించండి. ఆ వయసు పిల్లలకి చివరి పళ్ళ దాకా బ్రష్ సరిగ్గా అందదు.

బుజ్జిగాడి అమ్మ, అనంతపురం

ముందు పళ్ళ మధ్య నుంచి ఆ వైపు ఇప్పుడే లెక్కపెట్టాను డాక్టర్ గారూ, ఐదు పళ్ళ వెనక ఆరోది అది. అంటే మీరు చెప్పిన పెద్ద పన్నే. రేపు స్కూల్ మానిపించి తీసుకెళ్తున్నాం.